మందుమొక్కల్లో వైరస్‌ను పట్టుకోవడం: కంటిచూపు, స్ట్రిప్పు, ఎలిసా, పీసీఆర్‌లలో ఎవరికి ఏది?

మందుమొక్కలు పెంచేవాళ్ళు ఆకు మీద పసుపు మచ్చలు కనబడగానే "ఏ పరీక్ష చేయిస్తే మంచిది?" అని అడుగుతారు. దానికి జవాబు చెప్పేముందు నేను ఇంకో సంగతి అడుగుతాను. వైరస్ ఉందని తేలితే ఆ మొక్కను ఏం చేస్తారు? పీకేస్తారు. సరే, లేదని తేలితే? "ఎలాగూ గిడసబారిపోయింది కదండీ, అప్పుడూ పీకేస్తాం" అంటే ఆ పరీక్ష డబ్బు దండగ. ఫలితాన్ని బట్టి మీరు చేసే పని మారితేనే పరీక్షకు విలువ. మారేది ముఖ్యంగా ఒక్క చోట: ఆ మొక్క నుంచి కొమ్మలో, పిలకలో, దుంపలో తీసి ఇంకో వంద మొక్కలు చేయబోతున్నప్పుడు.

మందుమొక్కల్లో ఈ సంగతికి ఇంత బరువు ఎందుకంటే, వీటిలో చాలా వాటిని మనం గింజతో పెంచం. పిప్పలి, మిరియం, తమలపాకు, తిప్పతీగ, పుదీనా తీగ ముక్కలతో పెరుగుతాయి. పసుపు, వస దుంపలతో, కలబంద పిలకలతో వస్తాయి. వైరస్‌లలో కొన్ని మాత్రమే గింజలోకి దిగుతాయి, అదీ కొన్ని మొక్కల్లోనే. కొమ్మ ముక్కలోకి మాత్రం దాదాపు అన్నీ దిగుతాయి. పాడేరు, చింతపల్లి వైపు పిప్పలి మోడి కోసం పెంచే తీగలు ఒకరి తోట నుంచి ఇంకొకరి తోటకు ముక్కలుగానే వెళ్తాయి. సిల్వర్ ఓక్ చెట్లకు పాకించే మిరియం కూడా అంతే. తల్లి తీగలో రోగం ఉంటే పిల్లలన్నిటికీ పుట్టుకతోనే వచ్చేస్తుంది.

కాబట్టి కింద చెప్పే పద్ధతులన్నిటినీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర పెట్టి తూచండి: ఇది కోసి వాడుకునే మొక్కా, లేక తల్లి మొక్కా?

ముందు అది వైరసేనా?

పరీక్ష ఖర్చులో సగం ఇక్కడే మిగులుతుంది. మిరప రైతులకు పై ముడత, కింది ముడత తేడా చిన్నప్పటి నుంచీ తెలుసు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి పట్టితే కిందికి. ఈ లెక్క అశ్వగంధకూ చాలావరకు పనికొస్తుంది, అదీ ఆ కుటుంబపు మొక్కే. తులసి ఆకులు ముడుచుకుని, చుక్కలు పడి ఎండిపోతుంటే ముందు ఆకు తిరగేసి చూడండి. లేస్ బగ్ అనే జాలీ రెక్కల బుల్లి పురుగు, దాని పిల్లలు, నల్లటి రెట్ట చుక్కలు కనబడితే మీ తులసికి వచ్చింది వైరస్ కాదు.

పోషక లోపాన్ని గుర్తుపట్టడం ఇంకా తేలిక. ఇనుము తక్కువైతే లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మెగ్నీషియం తక్కువైతే అదే తీరు ముదురాకుల్లో మొదలవుతుంది. రెండిటిలోనూ ఈనెకు అటూ ఇటూ మచ్చ ఒకే పోలికగా ఉంటుంది, పక్కపక్క మొక్కలన్నీ దాదాపు ఒకేలా కనబడతాయి. వైరస్ మొజాయిక్‌లో ఆ పొందిక ఉండదు. లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ అతుకులు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఆకు ఒక పక్క ఎక్కువ పెరిగి వంకర తిరుగుతుంది, వరసలో ఒక మొక్కకు ఉండి పక్కదానికి ఉండదు. తెల్లదోమ మోసే బెగోమో అనే జాతి వైరస్‌లు పట్టిన మొక్కల్లో మాత్రం తరచుగా దీనికి తలకిందులు: ఈనెలే పసుపు వల అల్లినట్టు మెరుస్తాయి. పెసర, మినుములో పల్లాకు తెగులు తెచ్చేదీ, మిరపలో బొబ్బర తెచ్చేదీ ఈ జాతివే. నేలవేములోనూ ఇలాంటి పసుపు ఈనెల రోగం మన దేశంలో నమోదైంది.

ఇంకో మోసగాడు 2,4-డి. పక్క వరిచేలోనో మొక్కజొన్నలోనో కలుపు మందు కొట్టిన రోజు గాలి ఇటు తిరిగితే, వారం పది రోజుల్లో మీ ఆకులు సన్నగా రిబ్బన్లలా సాగి ఈనెలన్నీ దగ్గరకు వస్తాయి. అచ్చం వైరస్‌లా ఉంటుంది. గట్టు పక్క మొక్కల్లో ఎక్కువగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా ఉంటే అనుమానం మందు మీదికే పోవాలి. కొత్త చిగురు మామూలుగా వస్తోందా లేదా అని చూస్తే విషయం తేలిపోతుంది.

ఇక అసలు చిక్కు వెర్రి తెగులు. బిళ్ళగన్నేరు పువ్వు రేకలు ఆకుపచ్చగా మారడం, పువ్వు ఉండాల్సిన చోట బుల్లి ఆకుల గుత్తి రావడం, అశ్వగంధ కొమ్మలు చీపురులా చీలిపోవడం. నువ్వుల్లోనూ వంగలోనూ మన రైతులు వెర్రి తెగులు అనే రోగం ఇదే కోవకు చెందింది. దీన్ని చాలాకాలం వైరస్ కిందే లెక్కగట్టారు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, ఇది గోడలేని బాక్టీరియా లాంటి జీవి అని తేల్చారు. ఇప్పుడు దాన్ని ఫైటోప్లాస్మా అంటున్నాం. టెట్రాసైక్లిన్ ఇస్తే లక్షణాలు తాత్కాలికంగా తగ్గుతాయి, వైరస్‌లయితే దానికి లొంగవు. పెరట్లో ఆ మందు వాడమని ఎవరికీ చెప్పను, తేడా తెలియడానికే ప్రస్తావించాను. పరీక్ష ఎంచుకునేటప్పుడు ఈ తేడా ముఖ్యం: వైరస్ స్ట్రిప్పులూ, వైరస్ ప్రైమర్లూ (పీసీఆర్‌లో వైరస్ జన్యు ముక్కను వెతికి పట్టే చిన్న డీఎన్ఏ తునకలు) ఫైటోప్లాస్మాను చూడలేవు. పువ్వు ఆకుపచ్చబడిన బిళ్ళగన్నేరును వైరస్ పరీక్షకు పంపి "లేదు" అనే కాగితం తెచ్చుకుని ధైర్యంగా కొమ్మలు నాటినవాళ్ళున్నారు.

కళ్ళు, పదింతల భూతద్దం, కాస్త ఓపిక

ఖర్చు లేని పద్ధతి కదా అని దీన్ని చిన్నచూపు చూడకండి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఒకటి జేబులో పెట్టుకుని, ఎండ నెత్తికెక్కకముందే, ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మొజాయిక్ అతుకులు నీడలో బాగా తెలుస్తాయి, మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్ళు మోసపోతాయి. ఆకు అడుగున ఎవరున్నారో చూడాలి. తెల్లదోమ ఉంటే బెగోమో వైరస్ వైపు, పేనుబంక ఉంటే కుకుంబర్ మొజాయిక్ లాంటి వాటి వైపు, పిండినల్లి ఉంటే మిరియం జాతి మొక్కల్లో బాడ్నా వైరస్ వైపు, దీపపు పురుగులు ఉంటే ఫైటోప్లాస్మా వైపు అనుమానం తిరుగుతుంది. పరీక్షశాలకు పంపేటప్పుడు ఈ ఒక్క సమాచారం ఎంత ఉపయోగపడుతుందో చెప్పలేను. ఏ ప్రైమర్లతో మొదలుపెట్టాలో వాళ్ళకు దీన్నిబట్టే తెలుస్తుంది.

అనుమానం వచ్చిన మొక్కకు రిబ్బను కట్టి, పురుగును అదుపు చేసి, సూక్ష్మపోషకాలు ఒకసారి పిచికారీ చేసి, రెండు మూడు వారాలు ఆగండి. కొత్త చిగురు శుభ్రంగా వస్తే అది వైరస్ కాదనే అనుకోవచ్చు. చిగురులోనూ అదే తీరు ఉంటే వైరస్‌కే మొగ్గు.

కంటిచూపుకున్న పెద్ద లోపం, పైకి ఏమీ కనబడని మొక్కల్లోనూ వైరస్ ఉండగలగడం. మండు వేసవిలో కొన్ని వైరస్‌ల లక్షణాలు మరుగున పడతాయి, వానలకు మళ్ళీ తేలతాయి. మిరియంలో మాటిల్ వైరస్ (ఇందాక చెప్పిన బాడ్నా జాతిదే) పట్టిన తీగ కొంతకాలం నిగనిగలాడుతూ ఉండి, ఒత్తిడికి గురయ్యాక బయటపడటం మామూలే. అందుకే "చూస్తే బాగుంది" అన్న మాట తల్లి మొక్కకు సర్టిఫికెట్ కాదు.

సూచిక మొక్కలు: పాతదే, కానీ మందుమొక్కల్లో జాగ్రత్త

1929లో హోమ్స్ అనే శాస్త్రవేత్త పొగాకు మొజాయిక్ వైరస్ ఉన్న రసాన్ని నికోటియానా గ్లుటినోసా ఆకుకు రుద్దితే చుక్కలు చుక్కలుగా ఎండుమచ్చలు పడతాయని, మచ్చల సంఖ్యను బట్టి వైరస్ ఎంతుందో అంచనా కట్టవచ్చని చూపాడు. ఆ దారి ఇప్పటికీ నడుస్తోంది. రోగపు ఆకును చల్లటి ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా కాపాడే ద్రావణం) నూరి, సూచిక మొక్క ఆకు మీద సన్నటి గీతలు పడేలా కార్బోరండం అనే గరుకు పొడి చల్లి, ఆ రసాన్ని మెల్లగా రుద్ది, కడిగేస్తారు. చీనోపోడియం జాతి మొక్కలు, నికోటియానా బెంథామియానా, అలసంద ఎక్కువగా వాడతారు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ రకాల్లో చాలావాటికి అలసంద ఆకు మీద కొన్ని రోజుల్లోనే చిన్న గోధుమరంగు చుక్కలు వస్తాయి. కాలేజీ బోటనీ ల్యాబులో కూడా చేయదగ్గ పని, ఖర్చు నామమాత్రం. పైగా ఇది బతికున్న, అంటే అంటుకోగల వైరస్‌నే చూపిస్తుంది. మిగతా పద్ధతుల్లో చాలావాటికి ఈ గుణం లేదు.

కానీ రసం రుద్దితే బెగోమో వైరస్‌లు చాలావరకు అంటుకోవు. బాడ్నా వైరస్‌లూ అంతే. ఫైటోప్లాస్మా అసలే అంటుకోదు, దానికి అంటు కట్టాలి, లేదా సీతమ్మవారి పోగునూలు తీగను రోగపు మొక్క నుంచి మంచి మొక్కకు పాకించాలి. ఆ మంచి మొక్కగా పరిశోధకులు దశాబ్దాలుగా వాడుతున్నది మన బిళ్ళగన్నేరునే.

మందుమొక్కల్లో ఇంకో తిరకాసు ఉంది. అటికమామిడి, అంటే పునర్నవ వేరు రసానికి వైరస్ అంటుకోకుండా ఆపే గుణం ఉందని లక్నోలో ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగాయి. చంద్రకాంత, కాగితం పూల ఆకుల రసంలోనూ ఇలాంటి ప్రోటీన్లున్నాయి. అలాంటి మొక్క ఆకు నూరి రుద్దితే లోపల వైరస్ ఉన్నా సూచిక మొక్క మీద చుక్క రాకపోవచ్చు. టానిన్లు ఎక్కువున్న ఆకులతోనూ ఇదే బాధ. ఒక మొక్కను మందు చేసే రసాయనాలే పరీక్షను తప్పుదారి పట్టించే సందర్భం ఇది. రసాన్ని బాగా పలచన చేసి మళ్ళీ రుద్దడం ఒక ఉపాయం. అయినా, చుక్క వస్తే నమ్మండి, రాకపోతే నమ్మకండి.

స్ట్రిప్పు, ఎలిసా

రెండూ ఒకే సూత్రం మీద నడుస్తాయి: వైరస్ పై తొడుగు ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ. కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న పరీక్ష గుర్తుందా, మొక్కల స్ట్రిప్పూ అచ్చం అలాంటిదే. ఆకు ముక్కను బఫర్ ఉన్న సంచిలో నలిపి స్ట్రిప్పు ముంచితే నిమిషాల్లో గీతలు వస్తాయి. కుకుంబర్ మొజాయిక్, పొగాకు మొజాయిక్, టమాటా స్పాటెడ్ విల్ట్ లాంటి లోకమంతా తిరిగే వైరస్‌లకు స్ట్రిప్పులు దొరుకుతాయి. తోటలోనే ఫలితం వస్తుందన్నది దీని బలం. పిప్పలి, మిరియం, నేలవేముల్లో మన దగ్గర అసలు తిరిగే వైరస్‌లకు బజారులో స్ట్రిప్పు దొరకడం కష్టమన్నది దీని బలహీనత. దొరికే స్ట్రిప్పులు ఎక్కువగా టమాటా, దోస, పొగాకు సాగును దృష్టిలో పెట్టుకుని తయారైనవి.

ఎలిసాను మొక్కల వైరస్‌లకు వాడుకలోకి తెచ్చింది 1977లో క్లార్క్, ఆడమ్స్ రాసిన వ్యాసం. 96 గుంటల ప్లేటులో ఒకేసారి చాలా నమూనాలు పడతాయి, వైరస్ ఉన్న గుంటలో రంగు వస్తుంది. జంటగా వేసుకున్నా, పోలిక కోసం మంచి మొక్క, రోగపు మొక్క రసాలు పెట్టుకున్నా, ఒక ప్లేటులో నలభై మొక్కల దాకా చూడొచ్చు. మొత్తం పని ముగియడానికి మామూలుగా రెండు రోజులు. నమూనాలు ఎక్కువైనకొద్దీ ఒక్కో మొక్కకు పడే ఖర్చు తగ్గుతుంది. కుకుంబర్ మొజాయిక్ వైరస్‌కు ఎలిసా నమ్మకమైనది, ఎందుకంటే అది ఆకులో బాగా పేరుకుంటుంది. వెయ్యికి పైగా జాతుల మొక్కల్లో బతకగల వైరస్ అది. బిళ్ళగన్నేరు నుంచి మిరియం దాకా దేన్నీ వదలదు కాబట్టి, మందుమొక్కల తోటలో ఒక్క వైరస్‌కే పరీక్ష చేసే స్తోమత ఉంటే ముందు దీనికే చేయమంటాను.

బెగోమో వైరస్‌ల దగ్గర ఎలిసా మసకబారుతుంది. వాటి పై తొడుగులు ఒకదానికొకటి బాగా దగ్గర పోలిక, ఒక యాంటీబాడీ చాలావాటిని పట్టుకుంటుంది. "బెగోమో ఉంది" అని తెలుస్తుంది గానీ ఏదో తెలియదు. పీకి పారేసేవాడికి ఆ మాత్రం చాలు. బాడ్నా వైరస్‌ల కథ దీనికి తలకిందులు: వాటిలో వాటికే తేడాలెక్కువ, ఆకులో ఉండేదీ తక్కువ, అందుకని యాంటీబాడీ కొన్నిటిని జార్చుకుంటుంది.

ఎలిసా చేయించేవాళ్ళు ఒక్కటి పట్టుబట్టాలి. అదే జాతి మంచి మొక్క ఆకును పోలికకు పెట్టించాలి. తులసికి పొగాకు మంచి ఆకును పోలిక పెడితే లెక్క తప్పుతుంది. ఆకు రసంలోని రంగులు, ఫినాల్స్ వల్ల ఒక్కో జాతి ఒట్టి రసమే ఒక్కోలా రంగు చూపిస్తుంది. రంగు మంచి మొక్క రసపు సగటుకు రెండు మూడు రెట్లు దాటితేనే "ఉంది" అంటారు. ఆ సగటు ఏ జాతిదో రిపోర్టులో రాసి ఉందా అని చూసుకోండి.

పీసీఆర్: తల్లి మొక్కలకు నా ఓటు దీనికే

వైరస్ జన్యు పదార్థంలో ఒక ముక్కను కోట్ల సార్లు పెంచి చూపడం పీసీఆర్ పని. లక్షణాలు కనబడకముందే పట్టుకుంటుంది. బెగోమో, బాడ్నా వైరస్‌లవి డీఎన్ఏ కాబట్టి నేరుగా పీసీఆర్ చేస్తారు. కుకుంబర్ మొజాయిక్, బొప్పాయి రింగ్‌స్పాట్ లాంటివి ఆర్ఎన్ఏ వైరస్‌లు, ముందు ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే మెట్టు ఒకటి అదనం, ఖర్చూ ఆ మేరకు ఎక్కువ. ఫైటోప్లాస్మాకు, బాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ అనే జన్యువు మీద రెండు దఫాల పీసీఆర్ వాడుకలో ఉంది. బెగోమోలన్నిటికీ ఉమ్మడిగా పనిచేసే ప్రైమర్లున్నాయి, కాబట్టి ఏ బెగోమోనో తెలియకపోయినా మొదలుపెట్టవచ్చు.

ఇంత పదునైన పద్ధతికీ మందుమొక్కల దగ్గర మూడు గుంటలున్నాయి.

మొదటిది జిగురు. కలబంద, మందార లాంటి వాటి జిగురు, టానిన్లు, పాలీఫినాల్స్ డీఎన్ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను ఆపేస్తాయి. అప్పుడు వైరస్ ఉన్నా "లేదు" అని వస్తుంది. మంచి ల్యాబు సీటాబ్, పీవీపీ అనే రసాయనాలు వాడి వాటిని శుభ్రం చేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మొక్క సొంత జన్యువు ఒకదాన్ని కూడా పక్కనే పెంచి చూస్తుంది. అది కూడా పెరగకపోతే పరీక్షే నడవలేదని అర్థం. "ఇంటర్నల్ కంట్రోల్ పెట్టారా?" అని అడగండి. ఆ మాటకు సరిగ్గా జవాబు రాకపోతే ఇంకో ల్యాబు చూసుకోవడం మేలు.

రెండోది బాడ్నా వైరస్‌ల వింత గుణం. ఈ కుటుంబపు వైరస్‌ల ముక్కలు కొన్ని మొక్కల సొంత జన్యువుల్లో ఎప్పుడో అతుక్కుపోయి, తరతరాలుగా నిద్రపోతున్నాయి. అరటిలో ఇది బాగా తెలిసిన సంగతి. అలాంటి మొక్కలో పీసీఆర్ "ఉంది" అన్నంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. తల్లి తీగలన్నిటికీ ఒకేసారి "ఉంది" అని వచ్చి, ఒక్కదానికీ లక్షణం లేకపోతే ఆ ఫలితాన్ని అనుమానించాల్సిందే. గుండ్రటి వైరస్ డీఎన్ఏను మాత్రమే పెంచే రోలింగ్ సర్కిల్ పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది.

మూడోది నమూనా. వైరస్ తీగ అంతటా సమానంగా ఉండదు. ఒక్క ఆకు కోసి పంపి "లేదు" అనిపించుకోవడం తేలిక. నాలుగు వైపుల నుంచి లేత ఆకులు తీయాలి.

ఎన్ని మొక్కలు పరీక్షించాలన్న లెక్క కూడా చూద్దాం. వంద తల్లి మొక్కల్లో రెండిటికి రోగం ఉండే స్థాయి అనుకోండి. పెద్ద తోటలో పది మొక్కలు యాదృచ్ఛికంగా పరీక్షిస్తే వాటిలో కనీసం ఒక్క రోగపు మొక్క పడే అవకాశం 18 శాతమే. అరవై పరీక్షిస్తే 70 శాతం. 95 శాతం ధీమా కావాలంటే దాదాపు 150 పరీక్షించాలి. "పది శాంపిల్స్ చేయించాం, అన్నీ క్లీన్" అని గోడకు కాగితం అంటించిన నర్సరీని చూసినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. దీనికి విరుగుడు తోటంతా పరీక్షించడం కాదు. తల్లి మొక్కల సంఖ్య తగ్గించుకుని, వాటిని దోమతెర లోపల విడిగా పెంచుతూ, ప్రతి ఒక్కదాన్నీ పరీక్షించడమే. ఐదు మొక్కల ఆకులు కలిపి ఒక నమూనాగా చేయించి, ఏ గుంపులో "ఉంది" వస్తే దాన్నే విడదీసి చూస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.

ల్యాంప్ గురించి కొద్దిగా

ల్యాంప్ కూడా పీసీఆర్‌లాగే జన్యు పదార్థాన్ని పెంచి చూపే పరీక్ష, 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి. పీసీఆర్‌లా వేడి పెంచుతూ తగ్గిస్తూ ఉండే యంత్రం అక్కర్లేదు. 60 నుంచి 65 డిగ్రీల వేడి నిలకడగా ఉంటే గంటలోపు పని అవుతుంది, రంగు మారడం కంటికే తెలుస్తుంది. ఆకు జిగురును పీసీఆర్ కన్నా బాగా తట్టుకుంటుంది, కాబట్టి మందుమొక్కలకు అచ్చొచ్చే పద్ధతి. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ మిరియం వైరస్‌లకు ఇలాంటి పరీక్షలు తయారు చేసింది. ఇబ్బందల్లా ఒకటే: గాలిలో ఎగిరే పాత పరీక్ష తుంపర కూడా కొత్త పరీక్షలో "ఉంది" అనిపించగలదు. గొట్టం మూత తెరవకుండా చదివే ఏర్పాటు లేని చోట ల్యాంప్ చేయించవద్దు.

మొక్కలోని జన్యు పదార్థం అంతా చదివే సీక్వెన్సింగ్ కూడా ఉంది. ఏ వైరసో ముందే ఊహించనక్కర్లేదు, పేరులేని కొత్త వైరస్‌లూ బయటపడతాయి. ఇంటి పెరడుకూ రైతుకూ అది అనవసరం. మొక్కల సేకరణ కేంద్రాలు, టిష్యూ కల్చర్ ల్యాబులు తమ మూల మొక్కలకు ఒక్కసారి చేయించుకుంటే, తర్వాత ఏటా ఏ వైరస్‌లకు పీసీఆర్ పెట్టుకోవాలో తెలుస్తుంది. టిష్యూ కల్చర్ మొక్కలు అమ్మేవాళ్ళకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో తెచ్చిన జాతీయ ధ్రువీకరణ పద్ధతి ఉంది, అందులో వైరస్ పరీక్ష భాగం. అలాంటివాళ్ళ దగ్గర కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడగడం మీ హక్కు.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి?

ఇంటి పెరట్లోనో, బడి ఆవరణలోనో, గుడి దగ్గర ఔషధ వనంలోనో ముప్పై నలభై రకాలు పెంచేవాళ్ళకు కళ్ళూ భూతద్దమే చాలు. అనుమానం వచ్చినది పీకేసి, అదే రకం గింజతో మళ్ళీ వేసుకోండి. ఎవరికీ కొమ్మలు పంచకండి. పంచాలనిపించే అరుదైన మొక్క అయితే అప్పుడు పీసీఆర్. వైరస్ పట్టిన తులసి ఆకు తింటే మనకు ఆ వైరస్ అంటుతుందేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు, మొక్కల వైరస్‌లు మనుషులకు రోగం తేవు. నష్టం వేరే చోట. రోగపు మొక్కలో మందు గుణమిచ్చే పదార్థాల పాళ్ళు మారిపోవచ్చు, దిగుబడి ఎలాగూ పడిపోతుంది.

గింజతో అశ్వగంధ, నేలవేము వేసిన రైతు పరీక్షల జోలికి పోకుండా వారానికోసారి తోట తిరగడం మేలు. నాట్లయిన తొలి నెలలో ఒకటీ అరా మొక్కలు కనబడితే పీకి కాల్చేయాలి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు పెట్టుకోవచ్చు. తోటలో పావు వంతుకు పైగా ఒకేలా ముడుచుకుపోతే మాత్రం రెండు మూడు నమూనాలు పీసీఆర్‌కు పంపడం దండగ కాదు. బెగోమోనా, ఫైటోప్లాస్మానా, పేనుబంక తెచ్చే వైరసా అన్నదాన్ని బట్టి వచ్చే ఏడు జాగ్రత్త మారుతుంది. తెల్లదోమ బెగోమోను ఎక్కించుకుని మళ్ళీ అంటించడానికి గంటలు పడుతుంది, కాబట్టి దోమను అదుపు చేస్తే కొంత ఫలితం ఉంటుంది. పేనుబంక కుకుంబర్ మొజాయిక్‌ను ఒక్క పోటుతో, నిమిషంలోపే అంటించేయగలదు. దానికి పురుగుమందు కొట్టినా ప్రయోజనం తక్కువ, పురుగు చచ్చేలోపు పని అయిపోతుంది.

పిప్పలి, మిరియం, తమలపాకు తీగ ముక్కలు అమ్మే నర్సరీలకు పరీక్ష తప్పించుకునే దారి లేదు. తల్లి తీగలన్నిటికీ ఏటా ఒకసారి మాటిల్ వైరస్‌కు పీసీఆర్, కుకుంబర్ మొజాయిక్‌కు ఎలిసా. ఆర్‌టీ పీసీఆర్ (ఆర్ఎన్ఏను ముందు డీఎన్ఏగా మార్చి చేసే పీసీఆర్) దొరికితే రెండోది దానితోనే చేయించవచ్చు. స్ట్రిప్పులు ఇక్కడ అనుబంధం మాత్రమే: కొత్తగా బయటి నుంచి తెచ్చిన తీగను విడిగా పెట్టి, గేటు దగ్గరే కుకుంబర్ మొజాయిక్‌కు చూసుకోవడానికి. పసుపు, వస దుంపల దగ్గర ఇంత హడావిడి అక్కర్లేదని నా అభిప్రాయం. వాటికి వైరస్ కన్నా దుంపకుళ్ళు పెద్ద శత్రువు, విత్తన దుంప ఎంపికలో శ్రద్ధ దాని మీద పెట్టండి.

ఆకు కోసి పంపేటప్పుడు

పరీక్ష తప్పడానికి సగం కారణం ల్యాబులో ఉండదు, ప్యాకెట్టులో ఉంటుంది. ఎండిన, కుళ్ళిన ఆకు పనికిరాదు. లక్షణం కొట్టొచ్చినట్టున్న లేత ఆకులు, మధ్యస్థంగా ఉన్నవి, అదే జాతి మంచి మొక్క ఆకులు వేర్వేరు జిప్ కవర్లలో పెట్టండి. లోపల తడి కారుతూ ఉండకూడదు. ఎలిసాకు, ఆర్ఎన్ఏ పరీక్షకు ఐస్ డబ్బాలో పంపాలి. డీఎన్ఏ పరీక్షకే అయితే, ఐస్ దొరకని ఏజెన్సీ ఊళ్ళ నుంచి సిలికా జెల్‌లో ఎండబెట్టి పంపినా నడుస్తుంది. అలా ఆరిన ఆకు పెళుసుగా, రంగు పోకుండా ఉండాలి. శుక్రవారం కొరియర్ చేయకండి, శనివారం ఆదివారం ఏ గోదాములోనో మగ్గిపోతుంది. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేటప్పుడు కత్తెరను బ్లీచింగ్ ద్రావణంలోనో సబ్బు నీళ్ళలోనో ముంచి తుడవండి. పొగాకు మొజాయిక్ జాతి వైరస్‌లు కత్తెర మీద, చేతుల మీద, బీడీ పట్టుకున్న వేళ్ళ మీద కూడా బతికి ఉంటాయి.

కవరు మీద మొక్క పేరు తెలుగులో రాస్తే సరిపోదు, శాస్త్రీయ నామం కూడా రాయండి. పునర్నవ పేరుతో రెండు మూడు వేర్వేరు మొక్కలు తిరుగుతున్నాయి. కోసిన తేదీ, తోటలో ఎన్నిటికి ఇలా ఉంది, ఆకు అడుగున ఏ పురుగు కనబడింది, ఇటీవల కొట్టిన మందులు కూడా రాయాలి. ముందుగా మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి, వాళ్ళ మాట మీద ముందుకెళ్ళడం సులువు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీ విభాగం ఉంది. మందుమొక్కల సాగు గురించి అడగడానికి హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం, మొక్కల ఆరోగ్యం మీద శిక్షణకు రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. బయటివాళ్ళ నమూనాలు తీసుకుంటారా, రుసుము ఎంత, ఏ వైరస్‌లకు ప్రైమర్లున్నాయి అన్నవి ఆకు కోయకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

"ఉంది" అని వస్తే మందు కోసం వెతకవద్దు. వైరస్ పట్టిన మొక్కను పిచికారీతో బాగుచేసే మందేదీ లేదు. ఆ రకం పోగొట్టుకోలేనిదైతే ఒక దారి ఉంది: కొన్ని వారాలు వేడి గదిలో పెంచి, కొన మొగ్గలో అర మిల్లీమీటరు కన్నా చిన్న ముక్క తీసి టిష్యూ కల్చర్‌లో పెంచుతారు. అలా వచ్చిన మొక్కలూ అన్నీ శుభ్రంగా ఉండవు, ఒక్కోదాన్నీ మళ్ళీ పీసీఆర్ చేయాలి. "లేదు" అని వచ్చిన తల్లి మొక్కల విషయంలో, ఆ కాగితం ఆకు కోసిన రోజు సంగతే చెబుతుంది. తొలకరికి కొమ్మలు కోసేవాళ్ళు లక్షణాలు మరుగున పడే వేసవి చివర్లో ఒక్కసారే పరీక్షించి ఊరుకోకుండా, చలికాలంలో కొత్త చిగురు మీద ఒకసారి, కొమ్మలు కోయడానికి నెల ముందు ఇంకోసారి చేయించుకుంటే ధీమాగా అమ్మవచ్చు.